కొత్త ట్రాక్టరు: సంబరం సరే, గట్టు దగ్గర జాగ్రత్త!

పల్లెలోకి కొత్త ట్రాక్టరు వచ్చిందంటే ఆ వీధికి పండుగే. పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. పిల్లలు మడ్‌గార్డుల మీదికి ఎగబాకుతారు. కాడెద్దులను తోలిన చేతికి స్టీరింగు తేలికగానే తోస్తుంది.

రోడ్డు దిగి చేలోకి వెళితే సంగతి వేరు. రాయి కనబడితే ఎద్దు తనకు తానే తప్పుకుంటుంది. ట్రాక్టరుకు ఆ తెలివి లేదు. ఎటు తిప్పితే అటే పోతుంది.

2022లో రెండుగా విడిపోయిన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఎర్రనేలల్లో పదును త్వరగా ఆరిపోతుంది. అదను దాటితే వేరుశనగ విత్తనానికి పెట్టిన డబ్బు మట్టిపాలే. అందుకే అప్పు చేసైనా ట్రాక్టరు కొంటారు. పదును పోతుందన్న తొందరే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

ఏటవాలు గట్టును ఏటవాలుగా ఎక్కిస్తే బండి పక్కకు ఒరుగుతుంది. వంక ఇసుకలో దిగబడినప్పుడు ఇంజను గట్టిగా రేజు చేస్తే ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడవచ్చు. బరువు దించి, ఇసుక తవ్వి, వెనక్కి తీయడమే మేలు. దిగుడులో గేరు తీయరాదు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపి కొక్కెం వేయాలి. మడ్‌గార్డు మీద ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, కూర్చోబెట్టరాదు.

వాన పడితే పదును మళ్లీ వస్తుంది. పోయిన మనిషి రాడు.