ఎండసీమలో మసకచూపు

మడకశిర ప్రాంతమునకు ప్రకృతి కొరత లేకుండ నొసగినది యెండ యొక్కటియే. మూడు దిక్కుల కన్నడసీమ చుట్టుకొనియున్న యీ మెట్టభూములు 2022వ సంవత్సరము వరకు అనంతపురము జిల్లాలో నుండి, యటుపిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే గతియైన యీ సీమలో ఎండను శత్రువుగా నెంచుట తరతరముల యలవాటు. కాని బాలల కన్నులకు ఆ వెలుగే రక్షయని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మనమో, ఆ వెలుగును వాకిట విడిచి, బిడ్డలను గదిమూల సెల్లుఫోను ముందు కూర్చుండబెట్టుచున్నాము!

ఈ యలవాటు బాలలు తమంతట తాము తెచ్చుకొన్నది కాదు. 2016 తరువాత ఫోనులో బొమ్మలు చూచుట కారుచౌక యయ్యెను. 2020 మార్చిలో కోవిడు కారణమున బడులు మూతపడగా పాఠములు సైతము ఫోనులోనికి వచ్చెను. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము తన పాఠశాలలలోని 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచెను. చదువునకు వచ్చిన పరికరమును దూషించుట మా యభిమతము కాదు. తండ్రి కూలికై బెంగుళూరు పోయి, తల్లి చేనిపనిలో నుండగా, ఏడ్చు మనుమని ఫోనుతో ఊరడించు అవ్వను నిందింపజాలము. కలిగినవారి యిండ్లలో ఆ సాకైనను లేదు. అన్నము తినుటకు ఫోను, అల్లరి మానుటకు ఫోను!

దీని ఫలమేమి? ఎంతసేపును దగ్గరి వస్తువునే చూచుచు, ఆరుబయలు ఎరుగక పెరుగు బాలుని కనుగ్రుడ్డు మితిమీరి పొడవగును. అప్పుడు దూరపు వస్తువు మసకబారును. దీనినే హ్రస్వదృష్టి యందురు. పగటివెలుగు కంటిలోపలి పొరపై పడినపుడు డోపమైను అను ద్రవ్య మూరి, ఆ పెరుగుదలను అదుపులో నుంచునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పుస్తకమును కంటికడ నుంచుకొని చదివినను శ్రమయే. కాని పుస్తకము మూసి ఆటకు పోవు బాలుడు ఫోనును విడువడు. రెప్పపాటు తగ్గి కన్నులెండుట, రాత్రి తెరవెలుగుచే నిద్ర చెడుట, కదలిక లేక దేహము బరువెక్కుట దీని తోడి బాధలు.

2050 నాటికి లోకమున సగముమందికి హ్రస్వదృష్టి కలుగునని 2016లో నేత్రవైద్య పరిశోధకులు అంచనా వేసిరి. అయినను ఇది తప్పనిసరి విధి కాదు. తైవాను దేశపు బడులు 2010 నుండి బాలలను దినమునకు 2 గంటలు ఆరుబయట నుంచుటకు పూనుకొనెను. ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలో చూపు తగ్గినవారు 2011లో నూటికి 50 మంది కాగా, 2015 నాటికి 46కు దిగిరి. ఏడాది నిండని శిశువునకు తెర చూపనే రాదనియు, 2 నుండి 4 ఏండ్లవారికి దినమునకు గంటకు మించరాదనియు ప్రపంచారోగ్యసంస్థ 2019లో హెచ్చరించెను.

తైవాను శ్రమపడి సమకూర్చుకొన్న వెలుగు మనకు వాకిటనే యున్నది. నడిమధ్యాహ్నపు టెండలో బిడ్డలను మాడ్చ నక్కరలేదు. చింతచెట్టు నీడ వెలుగు సైతము గదిలోని దీపపు వెలుగుకంటె ఎన్నో రెట్లధికము. ఉదయసాయంకాలములు గోలీలు, బొంగరములు, చెడుగుడు చాలును. భూస్వాములు పంట లేనివేళ కళ్ళములను ఆటకు విడువవలెను. పట్టణపు పెద్దలు బడి మైదానములు అన్యాక్రాంతము గాకుండ కాపాడి, ఏటేట బాలల కన్నులకు పరీక్ష జరుగునట్లు చూడవలెను. నల్లబల్లపై అక్షరము కానరాని బాలుని మందమతి యని దండించుట ఎంత యన్యాయము! సకాలమున ఒక జత అద్దములు దొరకినచో వాని చదువు నిలుచును.

అన్నిటికంటె ముందు, రచ్చకట్టపై కూర్చుండి ఫోనునుండి తలయెత్తని పెద్దలు తమ చేతులను తాము చూచుకొందురు గాక. వానను మనము కురిపింపజాలము; వెలుగును బిడ్డలకు దక్కనిచ్చుట మన చేతిలోనే యున్నది.