ఉష్ణమునకు త్రోవ

కంప్యూటరు బరువులెత్తదు, నీరు తోడదు, చక్రము త్రిప్పి ధాన్యము విసరదు. గణనలు చేయును, చిత్రములు చూపును, వ్రాసినదానిని భద్రపఱచును. ఇట్టి యంత్రము గోడలోని ప్లగ్గునుండి గ్రహించిన విద్యుచ్ఛక్తి తుదకేమగునని విచారించినచో, శక్తినిత్యత్వ సూత్రము చెప్పు సమాధానమొక్కటియే: ఇంచుమించు సమస్తమును ఉష్ణముగా మారి, యంత్రమున్న గదిలోనికే వచ్చి చేరును. కావున 230 వాట్లు పుచ్చుకొను కంప్యూటరు, ఎంత ఘనమైన పని చేయుచున్నను, ఆ గదికి 230 వాట్ల హీటరే యగును. ఫ్యాను ఈ యుష్ణమును నశింపజేయలేదు, చలువను పుట్టింపనూలేదు. పుట్టినచోటినుండి వెలుపలికి దానిని సాగనంపగలదు, అంతియే. చిన్న పెట్టెలో కంప్యూటరు కూర్చుకొనదలచినవారు మొట్టమొదట యోచింపవలసినది ఉష్ణము వెలుపలికి పోవు త్రోవనుగూర్చియే.

1995లో ఇంటెల్ సంస్థ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణము ననుసరించి మదర్‌బోర్డు పొడవు 30.5 సెంటీమీటర్లు, వెడల్పు 24.4 సెంటీమీటర్లు. 2001లో తైవానుకు చెందిన వయా సంస్థ ప్రవేశపెట్టిన మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరము, అనగా వైశాల్యమున దానిలో అయిదింట రెండు వంతులు మాత్రమే. బోర్డు చిన్నదైనంతమాత్రమున దానిపై కూర్చుండు ప్రాసెసరు పుట్టించు వేడి చిన్నది కాదు. 65 వాట్లదని పేర్కొనబడు ఏఎమ్‌డీ రైజెన్ 7600 ప్రాసెసరు నిండు పనిలో 88 వాట్లవఱకు పుచ్చుకొనును. మధ్యరకపు గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు కోరును. మెమరీ, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎమ్‌పీఎస్‌లో జరుగు నష్టము మున్నగునవి కలిపినచో మొత్తము 230 వాట్లకు చేరును. 40 డిగ్రీల గదిలో ఒక లీటరు గాలిని మఱి 10 డిగ్రీలు వేడెక్కించుటకు పట్టు శక్తి సుమారు 11 జౌళ్లు. వాటు అనగా సెకనుకొక జౌలు గావున, ఈ వేడినంతయు గాలితో పంపివేయుటకు సెకనుకు 20 లీటర్ల గాలి కావలెను. పది లీటర్ల క్యాబినెట్టులోని గాలి యంతయు సెకనుకు రెండుమార్లు మారవలెనన్నమాట. పెద్ద పెట్టెలో గాలి త్రోవ తప్పినను మసలుటకు చోటుండును. చిన్నదానిలో ఆ వెసులుబాటు లేదు.

ఈ త్రోవకు మొదలు సిలికాను. ఆ ప్రాసెసరులో గణనలు సాగు ముక్క రమారమి 70 చదరపు మిల్లీమీటర్లు, చిటికెనవ్రేలి గోరంత. అందు పుట్టిన వేడి పైనున్న రాగి మూతలోనికి పోయి, అచటినుండి, లోహపు రేకులును ఫ్యానును గల కూలరు అడుగుభాగములోనికి దాటవలెను. ఆ రెండు లోహతలములును కంటికి ఎంత నునుపుగా తోచినను, వానిపై సూక్ష్మమైన మిట్టపల్లములు కలవు. ఆ పల్లములలో గాలి చిక్కుకొనియుండును. 1822లో ఫ్రెంచి గణితవేత్త ఫోరియే ప్రకటించిన ఉష్ణసిద్ధాంతమున ప్రతి పదార్థమునకును ఒక వాహకతా సంఖ్య కలదు. రాగికది సుమారు 400, కదలని గాలికి 0.026, అనగా గాలిపొర రాగికంటె పదునైదువేల రెట్లు అధికముగా వేడికి అడ్డుపడును. థర్మల్ పేస్ట్ చేయు ఉపకారము ఆ గాలిని తొలగించి పల్లములను నింపుటయే. అయితే పేస్ట్ వాహకతయు రాగితో పోల్చిన మిక్కిలి స్వల్పము గనుక, దానిని దట్టముగా పూయుట పొరపాటు. నడుమ బఠాణీ గింజంత యుంచి, కూలరును నిలువుగా దించి, మరలను ఎదురెదురు మూలలవరుసలో కొంచెము కొంచెముగా బిగించినచో అది తానే పలుచగా పఱచుకొనును.

కూలరు అడుగునుండి రేకులవఱకు వేడిని చేరవేయునది హీట్‌పైపు. 1963లో అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీనిని నిర్మించి చూపెను. రాగి గొట్టములోని గాలిని తీసివేసి, కొద్దిపాటి నీటిని మాత్రముంచి మూసివేసినచో, లోపలి పీడనము అత్యల్పమగుటచేత ఆ నీరు 100 డిగ్రీలకై వేచియుండక ప్రాసెసరు వేడికే ఆవిరియగును. ఆవిరి చల్లని కొనకు సాగి, అచట గుప్తోష్ణమును రేకులకు విడిచి, మరల నీరై, గొట్టపు లోగోడనున్న సచ్ఛిద్రమైన పొరగుండ కేశనాళికతచే మొదటికి చేరును. కదలు భాగమొక్కటియు లేకుండ, విద్యుత్తు నాశ్రయింపకుండ, అంగుళములోపు మందమున ఇంతటి కార్యమును నెరవేర్చు ఈ సాధనము చిన్న పెట్టెలో కంప్యూటరు కూర్చువారికి మిక్కిలి ఉపకరించును.

రేకులకు చేరిన వేడిని ఇక గాలి మోయవలెను. ఇచట లెక్క సులభము. పొట్టి కూలరొకటి వాటుకు 0.4 డిగ్రీల చొప్పున వేడెక్కుననుకొందము. 88 వాట్లకు 35 డిగ్రీలు. పెట్టెలోని గాలి గదికంటె 10 డిగ్రీలు హెచ్చు. జనవరిలో గది 20 డిగ్రీలుండగా ప్రాసెసరు 65కు చేరును. మే నెలలో విజయవాడలోనో, రామగుండములోనో గది 40 డిగ్రీలున్నప్పుడు అదే యంత్రము 85కు చేరును. గాలి సరిగా మారక పెట్టె లోపల మఱి 10 డిగ్రీలు పెరిగినచో 95. ఆ ప్రాసెసరుకు నిర్ణయించిన హద్దు అదియే. హద్దు చేరినంతనే అది తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. దీనికి విరుగుడు మిక్కిలి చౌక: కూలరు ఫ్యానునకును క్యాబినెట్టు జాలీకిని నడుమనున్న ఖాళీని చుట్టూ స్పాంజిపట్టీతో మూసినచో, కూలరు పెట్టెలోని వేడిగాలిని గాక గదిలోని గాలినే పీల్చుకొనును.

పెట్టెలో గాలి నడకకు మన పాత యిండ్లే ప్రమాణము: వీధిగుమ్మమునకు ఎదురుగా పెరటిగుమ్మముండుటచే గాలి మధ్యలో ఆగక సాగిపోవును. ఫ్యానులన్నియు లోనికే ఊదినను, రెండు ఫ్యానులు ఎదురెదురుగా పోట్లాడినను ప్రయోజనము లేదు. ఇరుసును పట్టియుంచు కమ్ములున్న వైపునుండి ఫ్యాను గాలిని వెడలించునని గుర్తుంచుకొని, ఒక ఊదువత్తి వెలిగించి జాలీలయొద్ద పట్టి చూచినచో, పొగ ఎచట లోనికి పోవుచున్నదో, ఎచట వెలుపలికి వచ్చుచున్నదో, వెలువడినది మరల ఎచట దూరుచున్నదో కన్నులకు కట్టినట్లు తెలియును. తలుపున్న కంప్యూటరు బల్ల అరలో పెట్టెను మూసియుంచినచో ఈ శ్రమయంతయు వ్యర్థము. ఫ్యాను వేగము సగమైనచో గాలి సగమగును, కాని అది కోరు శక్తి ఎనిమిదవ వంతుకు దిగును, రొదయు ఎంతో తగ్గును. అందుచేత చోటున్నంతలో పెద్ద ఫ్యానును మెల్లగా త్రిప్పుటయే మేలు.

అన్నింటికంటె ముందు చేయదగినది వేడిని పుట్టుకలోనే తగ్గించుట. 1974లో రాబర్ట్ డెన్నార్డ్ బృందము చూపినట్లు, ట్రాన్సిస్టరు చిన్నదగుకొలది వోల్టేజియు తగ్గుచుండుటచే చదరపు మిల్లీమీటరుకు పుట్టు వేడి పెరుగక నిలిచెడిది. 2005 ప్రాంతమున వోల్టేజి ఆ రీతిగా తగ్గుట మానుటతో ఆ భాగ్యము ముగిసెను. అయినను చిప్పులో మార్పులకు వ్యయమగు శక్తి వోల్టేజి వర్గము ననుసరించుననుట నేటికిని సత్యమే: వేగము మార్చక వోల్టేజిని పదవ వంతు తగ్గింపగలిగినచో, ఆ శక్తి నూటికి 19 పాళ్లు తగ్గును. బయాస్‌లోని ఎకో మోడ్ వంటి ఏర్పాట్లు ప్రాసెసరు పుచ్చుకొను వాట్లకే హద్దు విధించును. సామాన్యమైన పనులలో దానివలన కలుగు వేగనష్టము గుర్తింపరానంత స్వల్పము.

ఇక నిర్వహణ. మన యిండ్లలో రేకుల నడుమ దుమ్ము, నూలుపోగులు చేరి కొన్ని నెలలకే చాపగా అల్లుకొనును. కరెంటు తీసివేసి, ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండ పట్టుకొని, మెత్తని కుంచెతోను బ్లోయరుతోను వానిని తొలగింపవలెను. ఎప్పుడు తొలగింపవలెనో తెలుపునది ప్రాసెసరు ఉష్ణోగ్రత యొక్కటియే కాదు. ఏలయన అది ఋతువుతోపాటు మారుచుండును. చూడవలసినది గదికిని ప్రాసెసరుకును గల తేడా. పైన చెప్పిన యంత్రమునకు జనవరిలోను, మేలోను ఆ తేడా 45 డిగ్రీలే. ఒకే పని చేయించుచు నెలకొకసారి ఆ సంఖ్యను గమనించి వ్రాసికొన్నవారికి, అది 50కి, 55కు పెరుగుచున్నచో త్రోవలో ఎచటనో అడ్డు చేరినదని, మఱియొక ఫ్యాను కొనుటకు ముందు ఆ యడ్డును వెదకి తొలగింపవలెనని ఎవ్వరును చెప్పనక్కరలేదు.