యేబదిమూడవ యేట పరుగు

యేబదిమూడవ యేట పరుగెత్త మొదలిడిన వానిని మన పట్టణములు సులభముగ క్షమింపవు. 2025 జనవరిలో ఒకనాటి వేకువజామున మేము కాలువకట్టమీద మొదటిసారి పరుగెత్తుచుండగా, పాలకేంద్రమునకు పోవుచున్న ఒక పెద్దమనిషి సైకిలు దిగి, "ఏమండీ, ఇంట్లో ఎవరికైనా బాగులేదా? డాక్టరుగారిని నేను పిలుచుకురానా?" అని ఆదుర్దాతో అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. చెప్పుటకు ఊపిరి చాలలేదు. అప్పటికి మేము పరుగెత్తిన దూరము నాలుగు విద్యుత్ స్తంభముల నడిమి యెడము మాత్రమే.

ఆ ప్రశ్నయందు మన సంఘపు అభిప్రాయమంతయు ఇమిడియున్నది. పిల్లవాడు పరుగెత్తినచో ఆట. పోలీసు ఉద్యోగమును కోరు యువకుడు పరుగెత్తినచో పరీక్ష. నాలుగెకరముల భూమి గలిగి, పదిమందిచే దండములు పెట్టించుకొను గృహస్థుడు పరుగెత్తినచో ఇంటిలో ఏదియో ఉపద్రవము సంభవించి యుండవలెను! మేమును మొన్నటివరకు ఇట్లే తలంచువారము గనుక ఒరుల నాక్షేపింపజాలము.

నిజమునకు మా యింట ఉపద్రవము సంభవించియే యున్నది. అయితే అది పాతది. మా తండ్రిగారు పండ్రెండెకరముల మాగాణిని ప్రతిదినము కాలినడకను చుట్టివచ్చిన రైతు. మధుమేహమును ఆయన లెక్కచేయలేదు. అరువదిరెండవ యేట పాదమున దిగిన తుమ్మముల్లు పుండై, ఎంతకును మానక, మూడు మాసములు తిరుగకమునుపే కుడికాలిని మోకాలి దిగువను తీసివేయవలసివచ్చెను. పిమ్మట ఆరేండ్లు ఆయన వీధియరుగుమీద కుర్చీలో కూర్చుండి, పొలమునుండి వచ్చిన ప్రతివానిని "గట్లు ఎట్లా ఉన్నాయిరా?" అని అడుగుచు కాలము పుచ్చిరి. మేము పట్టణమున స్థిరపడి పొలమును కౌలునకిచ్చితిమి. 2024 దీపావళి వెళ్లిన పిదప వైద్యులు మా నెత్తురు పరీక్షించి తండ్రిగారి వ్యాధి మాకును వచ్చినదని తెలిపిరి. ఆస్తిలో ఈ భాగమును మేము కోరియుండలేదు.

మందులతోబాటు నడువుడని వైద్యులు చెప్పగా నడచితిమి. ఆ నడక పరుగుగా మారుటకు కారకుడు మా మేనల్లుడు. సంక్రాంతికి వచ్చినప్పుడు అతడు, "మామయ్యా, ఆగస్టులో హైదరాబాదులో మారథాను ఉన్నది, నాతో వస్తారా?" అని పరిహాసమున కడిగెను. మేమును పరిహాసమునకే సరేయంటిమి. పిల్లవాడు ఆ రాత్రియే రుసుము చెల్లించి రసీదు చూపెను. డబ్బు చెల్లినపిమ్మట వెనుదీయుట మా వంశమున లేదు! గుండెను పరీక్షింపించి, పాదముల స్పర్శ చెడలేదని నిర్ధారణ చేయించుకొని, వైద్యుల యనుమతితోనే మొదలిడితిమి. మధుమేహము గలవారెవ్వరును ఈ మెట్టును దాటిపోరాదని మా మనవి.

మారథాను దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఈ 195 మీటర్ల లెక్క ఎక్కడిదని మేము విచారించితిమి. 1896లో ఏథెన్సునందు తొలి ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు పందెపు దూరము సుమారు 40 కిలోమీటర్లే; దానిని గెలిచిన స్పిరిడాన్ లూయీ నీళ్లు మోసి అమ్ముకొను గ్రామీణుడు. 1908లో లండనునందు విండ్సరు కోటవద్ద బయలుదేరి, క్రీడాప్రాంగణమున రాజకుటుంబము ఆసీనమైన వేదిక యెదుట ముగియునట్లు మార్గము నేర్పరచిరి. అది 26 మైళ్ల 385 గజములయ్యెను. 1921లో ఆ కొలతయే శాశ్వతమైనది. ఒక రాజకుటుంబపు సౌకర్యమునకై కొలిచిన గజములను, ఆ సామ్రాజ్యము గతించిన తరువాతగూడ, లోకమంతయు పరుగెత్తుచున్నది. మేమును ముప్పదియెనిమిదవ కిలోమీటరువద్ద ఆ రాజకుటుంబమును స్మరించితిమిగాని, ఆ స్మరణ అచ్చువేయదగినది కాదు.

ఈ విద్య మనకు పరాయిది యనువారు 1920 సంవత్సరమును తలంచుకొనవలెను. అంతకుముందటి యేడు పూనాలోని డెక్కను జింఖానా పందెములలో, శాస్త్రీయమైన శిక్షణ యెరుగని రైతుబిడ్డలు వట్టికాళ్లతో దూరపు పరుగులు పరుగెత్తుటను దొరాబ్జీ టాటా చూచెను. వీరు ఐరోపావారికి తీసిపోరని ఆయనకు తోచెను. ఫలితముగ 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలకు మనదేశమునుండి కొందరు పోయిరి. బెల్గాము ప్రాంతీయుడగు ఫడెప్ప దరెప్ప చౌగులె అచటి మారథానును 2 గంటల 50 నిమిషములలో ముగించి పందొమ్మిదవవాడుగ వచ్చెను. ఆనాటి మార్గము నేటి కొలతకంటె అర కిలోమీటరునకు పైగ అధికము. ఆయనతో బయలుదేరిన సదాశివ దాతారు పరుగును పూర్తిచేయలేకపోయెను. మేము ఈ యిరువురిని సమానముగ గౌరవింతుము. పూర్తిచేయలేకపోవుట యెట్టిదో మే మాసమున మాకు కొంత తెలిసివచ్చినది.

ఆ కథ యిది. మొదటి వారములలో ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక. మార్చి నాటికి అయిదు కిలోమీటర్లు ఆగకుండ పోగలిగితిమి. ఏప్రిలు నాటికి పది. ఎండ ముదురుటచే తెల్లవారుజామున మూడున్నరకే లేచుచుంటిమి. శరీరము విను కొలదియు గర్వము పెరిగెను. మే మొదటి ఆదివారమున, పదునారు కిలోమీటర్లకు మించరాదని మేనల్లుడు వ్రాసి పంపిన పట్టికను త్రోసివైచి, ఇరువదినాలుగు పరుగెత్తితిమి. మరునాడు మోకాలికి దిగువ ఎముకవెంట నొప్పి. మూడు వారములు మంచముననే గడపితిమి. పాదము గోడకానించి పడుకొనియున్నప్పుడు అరుగుమీది కుర్చీ మా కన్నులయెదుట నిలిచెను. భయమునకంటె సిగ్గే యెక్కువగ బాధించెను.

ఆ మూడు వారములలో చదివినవానిలో న్యూజిలాండు దేశస్థుడగు ఆర్థరు లిడియార్డు చరిత్ర మాకు కనువిప్పు కలిగించినది. ఆక్లండునందు చెప్పుల కర్మాగారమున పనిచేసిన ఈతడు ఇతరులకు బోధింపకమునుపు ఏండ్లతరబడి తన దేహముమీదనే ప్రయోగములు చేసెను. ఆయన శిష్యులు వారమునకు నూరేసి మైళ్లు పరుగెత్తువారు; ఆదివారమున 22 మైళ్ల కొండదారి. ఎనిమిదివందల మీటర్ల పందెగాడగు పీటర్ స్నెల్ కూడ ఆ కొండదారి పట్టవలసినదే! 1960లో రోమునందు స్నెల్, హాల్బర్గ్ అనువారలు ఒక్కనాడే, గంటసేపటిలోపల, రెండు స్వర్ణపతకములను గెలుచుకొనిరి. మరియొక శిష్యుడు బారీ మాగీ మారథానులో మూడవవాడాయెను. ఇంత చేసిన బోధకుని మూలసూత్రము పాటుబడుమనుటయేగాని అలసి కూలబడుమనుట కాదు. ప్రక్కవానితో మాటలాడుకొనుచు పోగలిగినంత వేగముననే బహుదూరము పోవలెను. అట్టి నిదానపు పరుగుననే కండరములలో సన్నని రక్తనాళములు వృద్ధిచెందును, గుండె బలపడును, కొవ్వును ఇంధనముగ వాడుకొను నేర్పు దేహమునకబ్బును. గుండెయు ఊపిరితిత్తులును త్వరగ సిద్ధపడును గాని ఎముకలును స్నాయువులును అంత త్వరగ కుదురుకొనవు. నొప్పి యెముకను పట్టుకొనుటకు కారణమిదియే. ఊపిరి ఉన్నదిగదాయని పరుగెత్తినవాడు ఎముకకు ఋణపడును.

జూను నుండి మరల మొదలిడితిమి. ఈమారు పట్టణపు వీధులను వీడి, కట్టవెంబడి మా స్వగ్రామపుదారి పట్టితిమి. నెమ్మదిగ పోవువానికి లోకము కనబడును. మోటారుకారులో ఇరువదియేండ్లుగ ఆ దారిని పోయియు మేము చూడనివెన్నియో అప్పుడు చూచితిమి: బోదె పూడిపోయి నీరందక బీటలువారిన మడులు, తూములు తెరచుకొనుటకు చీకటిలో లాంతరుకు బదులు సెల్‌ఫోను దీపము పట్టుకొని తిరుగు కౌలుదారులు. ఒకనాడు మా చేనిగట్టుమీద ఆగి నిలువగా, మా కౌలుదారు విస్మయముతో, "మీరు ఈ గట్టు ఎక్కి పదేళ్లయిందండీ, పెద్దాయన ఉన్నప్పుడు రోజూ ఈ వేళకే వచ్చేవారు" అనెను. తండ్రిగారు నిత్యము నడచిన చుట్టు ఎనిమిది కిలోమీటర్లున్నదని కొలిచి చూచుకొంటిమి. ఆ వేసవివరకు ఆ లెక్క మాకు తెలియదు. పూడిన బోదెను త్రవ్వింప నా వారముననే మనుష్యులను పెట్టితిమి.

మాకు శిక్షణ మిగిలియున్నది ఆరు వారములే యనగా, జూలై 15వ తేదీని పత్రికలలో ఫౌజాసింగు మరణవార్త వచ్చెను. పంజాబున జలంధరు చెంతనున్న బియాస్ గ్రామపు రైతు. అయిదవయేటివరకు నడవనేరని బక్కకాళ్ల పిల్లవాడని చెప్పుదురు. 1992లో భార్యయు, 1994లో ప్రమాదమున ఒక కుమారుడును గతింపగా, దుఃఖమును మరచుటకై ఆ వృద్ధుడు ఇంగ్లాండున పరుగును పట్టుకొనెను. 2000 సంవత్సరమున లండనునందు తన మొదటి మారథాను పరుగెత్తునాటికి ఆయన వయస్సు 89. పట్టినకాలము 6 గంటల 54 నిమిషములు. 2011లో, నూరవయేట, టొరాంటోలో మరల ముగించెను. జనన పత్రము లేదని గిన్నిసు గ్రంథమువారు ఆయన నంగీకరింపలేదు. 1911లో పంజాబు పల్లెలో జన్మించిన రైతుబిడ్డకు జననపత్ర మెవ్వరిచ్చుచుండిరో వారే చెప్పవలెను! జూలై 14న తన గ్రామముననే రోడ్డుమీద వాహనము తగిలి ఆయన మృతినొందెను. ఆయన పరుగు ఎవ్వరిని ఓడించుటకును కాదు. మృతులైనవారిని అది తిరిగి తేజాలదు. అయినను పోయినవారిమీది ప్రేమకు ఒక పని కావలెను. ఆయనకు ఆ పని దొరకినది. క్రీడయందు అర్థమేమున్నదని మమ్ము ప్రశ్నించు మిత్రులకు అంతకంటె స్పష్టమైన సమాధానము మావద్ద లేదు.

ఆ మిత్రులే మాకు సలహాలనుగూడ విరివిగ నిచ్చిరి. అందు నీరెంత త్రాగిన అంత మంచిదను సలహా ప్రమాదకరము. 2002లో బోస్టను మారథాను ముగించిన 488 మందిని పరీక్షింపగా నూటికి 13 మందికి, ముఖ్యముగ మితిమీరి త్రాగుటవలన, నెత్తుటియందు ఉప్పు ప్రమాదకరముగ తగ్గియుండెను. మేము ఉప్పువేసిన మజ్జిగను దాహము కొలదిగ పుచ్చుకొంటిమి. చక్కెర వ్యాధికై మందు మ్రింగువాడు జేబునిండ బెల్లపు ముక్కలతో పరుగెత్తుట వింతయే; కాని పనిచేయు కండరము నెత్తుటిలోని చక్కెరను వేగముగ లాగుకొనునుగాన, నడిదారిని కన్నులు తిరిగినప్పుడు ఆ బెల్లమే ప్రాణరక్షకము. మా మూడునెలల సగటు చక్కెర 8.4 నుండి 6.7కు దిగెను. మందులను మాత్రము మానలేదు.

ఆగస్టు మాసమున హుస్సేన్‌సాగరపు ఒడ్డున చీకటియుండగనే బయలుదేరితిమి. మొదటి ఇరువదియైదు కిలోమీటర్లను గూర్చి చెప్పవలసినదేమియు లేదు. వేలమంది జనము, తేమగాలి, వంతెనల యెగుడుదిగుడులు. ముప్పదిమూడవ కిలోమీటరువద్ద కాళ్లు మావి కాకపోయెను. కండరములయందు నిలువచేసికొన్న పిండిపదార్థ మడుగంటినప్పుడు ఇట్లగునని గ్రంథములలో చదివియుంటిమి. చదువు వేరు. మనస్సు చిన్నపిల్లవానివలె ఏడ్చును. రోడ్డుప్రక్క కాలిబాట అంచున కూర్చుంటిమి. లేచుటయా, మానుటయా యని యోజించుచుండగ, పాదరక్షను చీల్చుకొని వచ్చినట్లు బొటనవ్రేలు సలుపుచుండెను. ఏ వ్రేలో పాఠకులు గ్రహింపగలరు. జోడును విప్పి చూచితిమి. గోరు కమిలినది గాని చర్మము తెగలేదు. ముల్లు లేదు. మరల తొడిగి, బెల్లము నోట వేసికొని, నడక సగము పరుగు సగముగ గచ్చిబౌలి క్రీడాప్రాంగణము చేరునప్పటికి 5 గంటల 48 నిమిషములయ్యెను. గంటకు పైగ ముందు ముగించిన మేనల్లుడు ద్వారముకడ అరటిపండ్లతో నిలిచియుండెను. మెడలో పతకము వేసినవారికి మా పేరు తెలియదు. మాకును వారి పేరు తెలియదు.

మూడవనాడు గ్రామమునకు పోయితిమి. మెట్లు దిగుటకు గోడ పట్టుకొనవలసియుండెను. ఎనుబదియొకటవ యేట నున్న మా తల్లిగారు అరుగుమీద కూర్చుండియుండిరి. పతకమును చేతికీయగా త్రిప్పి చూచి ప్రక్కన పెట్టిరి. "కాళ్లు చూపించు" అనిరి. పెద్దవాడనై తల్లియెదుట కాళ్లు చాపుటకు సంకోచించితిమి. ఆమె ఊరకొనలేదు. కళ్లజోడు తెప్పించుకొని, రెండు పాదములను ఒడిలోనికి లాగికొని, ఒక్కొక్క వ్రేలిని విడదీసి, మడమలను నొక్కి, నల్లబడిన గోటిని చాలసేపు పరిశీలించిరి.

"ఇది ఊడి కొత్తది వస్తుంది, పర్వాలేదు" అని చెప్పి, ఆ సాయంత్రము పొలమునకు పోయివచ్చితినా యని అడిగిరి.