గసగసాల పొట్లం.. గల్ఫ్‌లో నేరం!

* అక్కడి చట్టం, ఆచారం తెలియక చిక్కుల్లో పడుతున్న వలస జీవులు
* బయలుదేరే ముందే తెలుసుకోవడం మేలు

జగిత్యాల: మాంసం కూరకు రుచి తెచ్చే గసగసాలు మన వంటింట్లో ఒక మసాలా దినుసు మాత్రమే. అవే గసగసాలు దుబాయ్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి కంటపడితే మాదకద్రవ్యాల కేసుగా మారే ప్రమాదముంది. పరాయి దేశంలో కొడుకు నోటికి రుచి లేక ఇబ్బంది పడతాడేమోనని తల్లి ప్రేమతో కట్టిచ్చిన పొట్లమే అతడిని జైలుపాలు చేయవచ్చు. వీసా కోసం తెచ్చిన అప్పు, చేతికందబోయే కొలువు, ఇంటిల్లిపాదీ పెట్టుకున్న ఆశలు ఒక్కరోజులో తలకిందులవుతాయి.

తెలంగాణలో జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలసలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. పని గురించి, జీతం గురించి ఆరా తీసే వారు అక్కడి కట్టుబాట్ల గురించి మాత్రం పెద్దగా పట్టించుకోవడం లేదు. చట్టం తెలియదన్న సమాధానం ఏ దేశ న్యాయస్థానంలోనూ చెల్లదు. కనుక బయలుదేరే ముందే కొన్ని సంగతులు తెలుసుకోవలసి ఉంది.

గసగసాలపై నిషేధం ఎందుకు?

గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో ఈ పంటను సాగు చేస్తారు. 1985 నాటి మన మాదకద్రవ్యాల నిరోధక చట్టం ఈ మొక్క కాయలను, కాడలను నియంత్రిస్తూనే గింజలకు మినహాయింపు ఇచ్చింది. అందువల్లే అవి కిరాణా కొట్టులో స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, సింగపూర్ దేశాలు ఆ మినహాయింపు ఇవ్వలేదు. గింజలకు మార్ఫిన్ ఆనవాళ్లు అంటుకుని ఉండటం, వాటిని నాటితే మళ్లీ అదే మొక్క మొలిచే అవకాశం ఉండటం ఇందుకు కారణాలు. విడిగా తీసుకెళ్లినా, మసాలా పొడిలో కలిపి తీసుకెళ్లినా ముప్పు తప్పదు.

మాదకద్రవ్యాల విషయంలో అక్కడి చట్టాలు ఎంత కఠినమో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. బూటుకు అంటుకున్న 0.003 గ్రాముల గంజాయి దొరికిందన్న అభియోగంపై ఒక బ్రిటన్ ప్రయాణికుడికి 2008లో దుబాయ్ న్యాయస్థానం నాలుగేళ్ల జైలుశిక్ష విధించింది. ఎమిరేట్స్ ప్రభుత్వం 2022 జనవరి నుంచి కొత్త చట్టాన్ని అమలులోకి తెచ్చి, తొలిసారి పట్టుబడిన వాడకందారుల విషయంలో కొంత సడలింపు ఇచ్చింది. అక్రమ రవాణా విషయంలో కాఠిన్యం తగ్గలేదు. సౌదీ అరేబియా ఈ నేరాలకు కొంతకాలం నిలిపివేసిన మరణశిక్షల అమలును 2022 నవంబరులో తిరిగి ప్రారంభించింది.

మందుల చీటీ ఉన్నా చాలదు

నొప్పులకు వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్ గల్ఫ్ దేశాల్లో నియంత్రిత ఔషధాలు. మన ఊరి వైద్యుడు రాసిచ్చిన చీటీ ఒక్కటే వీటికి రక్షణ కాదు. ఎమిరేట్స్‌కు వెళ్లేవారు నియంత్రిత ఔషధాలకు అక్కడి ఆరోగ్య అధికారుల నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి పొందాలి. మాత్రలను విడదీసి కాగితంలో చుట్టి తీసుకెళ్లరాదు. వాటిని కొన్న పెట్టెలోనే ఉంచి, వైద్యుని చీటీని ఆంగ్లంలో రాయించుకుని వెంట ఉంచుకోవాలి. తమలపాకులతో సహా పాన్ సామగ్రి కూడా ఎమిరేట్స్ నిషేధిత జాబితాలో ఉంది. పెళ్లికో, పేరంటానికో తీసుకెళ్తున్నామని చెప్పినా ప్రయోజనం ఉండదు.

బంధువు ఇచ్చిన పొట్లంతో పదేళ్ల శిక్ష

‘మా వాడికి ఈ పొట్లం కాస్త అందించండి’ అని ఊళ్లోవారు అడగడం, మొహమాటానికి పోయి తీసుకోవడం మన పల్లెల్లో మామూలే. ఈ మొహమాటం ఎంతటి అనర్థం తెస్తుందో ముంబయి దంపతుల ఉదంతం చాటుతోంది. 2019 జులైలో ఖతార్‌కు విహారయాత్రకు వెళ్లిన ఆ జంట సామానులో నాలుగు కిలోలకు పైగా హషీష్ దొరికింది. దగ్గరి బంధువు అప్పగించిన పొట్లంలో అది ఉందన్న సంగతి వారికి తెలియదు. అయినా అక్కడి న్యాయస్థానం పదేళ్ల జైలుశిక్ష వేసింది. అప్పటికే గర్భవతి అయిన ఆ ఇల్లాలు చెరసాలలోనే బిడ్డను కన్నది. మన దేశంలో దర్యాప్తు జరిగి అసలు విషయం బయటపడిన తర్వాత పైకోర్టు ఆదేశంతో కేసు పునర్విచారణకు వచ్చింది. చివరకు వారు నిర్దోషులుగా తేలి 2021 ఏప్రిల్‌లో స్వదేశం చేరుకున్నారు. న్యాయం జరిగినా దాదాపు రెండేళ్ల కాలం తిరిగిరాలేదు.

విప్పి చూడని పొట్లాన్ని ఎవరిచ్చినా తీసుకోకపోవడమే దీని నుంచి నేర్వవలసిన పాఠం. సొంత సంచిని సొంత చేతులతోనే సర్దుకోవాలి.

వీధిలో, సెల్‌ఫోన్‌లో జాగ్రత్త

మన దగ్గర మర్యాద లోపంగా మాత్రమే భావించే పనులు అక్కడ శిక్షార్హం కావచ్చు. దుబాయ్‌లోని ఒక భోజనశాలలో ముద్దు పెట్టుకున్నారన్న ఫిర్యాదుపై 2010లో బ్రిటన్‌కు చెందిన ఇద్దరికి నెల రోజుల జైలుశిక్ష పడింది. రంజాన్ మాసంలో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం కువైట్‌లో 1968 నాటి చట్టం ప్రకారం నేరం. ముస్లిమేతరులకూ ఇది వర్తిస్తుంది. వంద దినార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు విధించవచ్చు. ఎండలో పనిచేసే కూలీ దాహం వేసి నీళ్లు తాగాలన్నా నలుగురి కంటపడని చోటుకు వెళ్లాల్సిందే.

సౌదీ అరేబియా 2019లో పర్యాటకులకు వీసాలు ఇవ్వడం ప్రారంభిస్తూనే బహిరంగ మర్యాద నిబంధనలు తెచ్చింది. ఉమ్మివేయడం, చెత్త పారేయడం, వరుసను అతిక్రమించడం, అనుమతి లేకుండా ఫొటోలు తీయడం, నమాజు వేళ పాటలు పెట్టడం వంటి 19 తప్పులకు 50 నుంచి 6 వేల రియాళ్ల వరకు జరిమానా ఉంటుంది.

కొత్త ముప్పు సెల్‌ఫోన్‌తో వస్తోంది. ఎమిరేట్స్ సైబర్ చట్టం ప్రకారం వాట్సప్‌లో తిట్టినా రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హాముల వరకు జరిమానా పడవచ్చు. అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి వారి ఏకాంతానికి భంగం కలిగించడం, దాన్ని పంచుకోవడం కూడా జైలుకు దారితీస్తాయి. కూలీ డబ్బుల కోసం తోటివాడిని కోపంతో తిట్టిన మాట కూడా సాక్ష్యంగా మిగిలిపోతుంది.

మద్యం విషయంలో దేశానికో చట్టం, ఒక్కోసారి ఊరికో చట్టం. ఎమిరేట్స్ 2020 నవంబరులో నిబంధనలు సడలించింది. దుబాయ్‌లో చెల్లినది పక్కనే ఉన్న షార్జాలో చెల్లదు. కువైట్‌లో పూర్తి నిషేధం ఉంది. అక్కడ దొంగచాటుగా తయారైన కల్తీ సారా తాగి 2025 ఆగస్టులో 23 మంది ప్రాణాలు కోల్పోయారు.

పట్టుబడితే ఏం చేయాలి?

అరెస్టయిన విదేశీయుడు తన దేశ రాయబార కార్యాలయంతో మాట్లాడే హక్కును 1963 నాటి వియన్నా ఒప్పందం కల్పించింది. అయితే ఆ సమాచారం పంపమని నిర్బంధంలో ఉన్న వ్యక్తి స్వయంగా కోరవలసి ఉంటుంది. అడగకుండా మౌనంగా ఉంటే కబురు అందకపోవచ్చు. అరబ్బీలో రాసిన వాంగ్మూలం అర్థం కాకుండా సంతకం చేయరాదు. తెలుగు లేదా హిందీ తెలిసిన దుబాసీ కావాలని అడగాలి. అధికారులకు డబ్బు ఇవ్వజూపితే అది మరో నేరమవుతుంది.

ఊళ్లోని కుటుంబసభ్యులు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఆర్‌టీ సొసైటీ వలసదారులకు తోడ్పడుతున్నాయి. రాయబార కార్యాలయం న్యాయవాదిని చూపగలదు, బాధితుడిని కలిసి మాట్లాడగలదు. తీర్పును మాత్రం మార్చలేదు. శిక్ష పడినవారిని మిగిలిన కాలానికి స్వదేశీ జైలుకు తరలించేందుకు సౌదీతో 2010లో, ఎమిరేట్స్‌తో 2011లో ఒప్పందాలు కుదిరాయి. ఇందుకు ఖైదీ సమ్మతితో పాటు రెండు ప్రభుత్వాల అంగీకారం అవసరం.

బయలుదేరే ముందు ఇవి మరవొద్దు

* పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల నకళ్లు ఇంట్లో ఒక జత ఉంచాలి.
* యజమాని పేరు, పనిచేసే ఊరు, రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఇంటివారి వద్ద రాసి ఉండాలి.
* మసాలాలు, పచ్చళ్లు సర్దేటప్పుడు గసగసాలు కలిశాయేమో చూసుకోవాలి.
* ప్రభుత్వం నిర్వహించే ప్రయాణ పూర్వ శిక్షణకు తప్పక హాజరు కావాలి.

చట్టాలు ఏటా మారుతున్నాయి. పదేళ్ల కిందట వెళ్లొచ్చిన వారి అనుభవం నేటికి సరిపోకపోవచ్చు. ఏజెంటు మాటను నమ్మి ఊరుకోకుండా ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో సరిచూసుకోవడం శ్రేయస్కరం. విమానం ఎక్కే ముందు పెట్టె విప్పి ఒకసారి సరిచూసుకోవడానికి పట్టేది పావుగంటే. పొరపాటు జరిగితే మూల్యం మాత్రం ఏళ్ల తరబడి చెల్లించాల్సి వస్తుంది.