ముందు మాదిరి, తరువాత సూది
ఒక క్రిస్మస్‌కు మా స్త్రీల సమాజంలో ఒక పాప తెల్లగౌనుపై మిషనుతో పువ్వు కుట్టాము. తొడిగి చూస్తే అది చంక కిందికి పోయింది! విప్పినా సూది రంధ్రాలు పోలేదు. తల్లి ఏమీ అనలేదు, మాకే తలవంపైంది.

ఇప్పుడు నూలుబట్టను ముందే ఉతికి ఆరవేస్తాము. ఆ తరువాత కుట్టిన పువ్వు చుట్టూ ముడతలు అంతగా రావు. పాపకు గౌను తొడిగి, కాగితపు పువ్వు ఆనించి, నిలబెట్టి, కూర్చోబెట్టి చూస్తాము. కుట్లకు, గుండీలకు దూరంగా గుర్తు పెడతాము. పీలికపై కుట్టి చూసుకొని, అడుగున కాగితం వేసి, గౌనును ఫ్రేములో బిగిస్తాము.

ప్రత్యక్షపు గుడారం కట్టకమునుపే దేవుడు మోషేకు మాదిరి చూపించాడు (నిర్గమ. 25:9). బుటాపని చేసిన అహోలీయాబు చేతికి పని వచ్చింది ఆ తరువాతే. మన ఇంటి పనులకూ అదే క్రమం.