బగ్ ఒక జీన్‌లో... బరువు ఇంకో జీన్‌తో!

ఒకే ఇల్లు, ఒకే వంట. అన్న సన్నగా, తమ్ముడు బొద్దుగా. ఎందుకట్లా? ఆ తమ్ముణ్ని నేనే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఊరు సిరికొండ పోతే చాలు, 'ఏసీల కూసుంటే గంతేరా' అని తీర్పు రెడీగా ఉంటుంది. కాదనను. కానీ అన్న కూడా పొద్దంతా దుకాణంలో కూర్చునేవాడే! మరి తేడా ఎక్కడ?

జవాబులో కొంత జీన్స్‌లో ఉంది. 'ఎఫ్‌టీవో' అనే జన్యువులో ఒక చిన్న తేడాకు, బరువుకు లింకు ఉందని 2007లో తేలింది. ఆ తేడా అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువున్నారు.

అసలు కథ ఇంకో ఫైల్‌లో

2015లో ట్విస్ట్ బయటపడింది. తేడా ఉన్నది ఎఫ్‌టీవోలోనే. కానీ అది ఆన్ చేసేది దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే జన్యువులను. మామూలుగా వాటికి ఏరిడ్5బీ అనే మరో జన్యువు బ్రేక్ వేస్తుంది. తేడా ఉన్నచోట ఆ బ్రేక్ పడదు. దాంతో కొవ్వు కణాలు శక్తిని వేడిగా ఖర్చు చేయడం తగ్గించి, దాచుకోవడం మొదలుపెడతాయి. మా భాషలో చెప్పాలంటే, బగ్ ఒక ఫైల్‌లో, క్రాష్ ఇంకో ఫైల్‌లో!

ఆకలిదీ ఇదే తీరు. కొవ్వు నుంచి లెప్టిన్ అనే హార్మోన్ మెదడుకు 'ఇక చాలు' అని కబురు పంపుతుంది. అది ఎంసీ4ఆర్ లాంటి జన్యువుల మీదుగా చేరాలి. ఈ దారి పూర్తిగా తెగితే చిన్నప్పుడే విపరీతమైన ఊబకాయం వస్తుంది, అది అరుదు. చాలామందిలో మాత్రం వందల చిన్న తేడాలు కలిసి ముప్పు పెంచుతాయి.

మనవాళ్ల సంగతి?

హైదరాబాద్ సీసీఎంబీ, పుణె కేఈఎం ఆస్పత్రి పరిశోధకులు పుణె, మైసూరు ప్రజల్లో ఎఫ్‌టీవోను పరిశీలించారు. 2009లో వచ్చిన ఫలితాల్లో టైప్-2 షుగర్‌తో దానికి గట్టి సంబంధం కనిపించింది. అదంతా బరువు వల్లే అనడానికీ లేదు! అందుకే అమ్మానాన్నలకు షుగర్ ఉంటే, ఇంట్లో సన్నగా ఉన్నవాళ్లూ టెస్ట్ చేయించుకోవాలి. ఆసియా వాళ్లు బీఎంఐ 23 నుంచే జాగ్రత్తపడాలని డబ్ల్యూహెచ్‌వో నిపుణులూ చెప్పారు.

మంచి వార్త కూడా ఉంది. 2 లక్షల మందికి పైగా డేటా చూస్తే, ఒళ్లు కదిలించేవాళ్లలో ఎఫ్‌టీవో తెచ్చే ఊబకాయం ముప్పు 27 శాతం తక్కువ. కోడ్ పుట్టుకతో వచ్చిందే, కానీ అది ఎట్లా రన్ కావాలో కొంత మన కాళ్ల చేతుల్లోనే ఉంది. లేవండి, ఓ రౌండ్ నడిచొద్దాం!