సముద్రగర్భంలో తెగిన కేబుల్, చెరువు గట్టున పడిపోయిన ధర

2024 డిసెంబరు 25, మధ్యాహ్న సమయం. ఫిన్లాండు, ఎస్టోనియా దేశాల మధ్య సముద్రగర్భంలో పరచిన ఎస్ట్‌లింక్-2 విద్యుత్ కేబుల్ ఉన్నట్టుండి పనిచేయడం మానివేసింది. 650 మెగావాట్ల సామర్థ్యం గల మార్గం అది. అదే రోజున ఆ పరిసరాలలోని మరి నాలుగు సమాచార కేబుళ్ళు కూడా దెబ్బతిన్నాయి. ఫిన్లాండు అధికారులు హెలికాప్టరులో వెళ్ళి ‘ఈగిల్ ఎస్’ అనే చమురు నౌకపై దిగి, దానిని అదుపులోకి తీసుకున్నారు. కుక్ దీవుల పతాకం. రష్యాలోని ఉస్త్-లూగా రేవులో నింపుకొన్న పెట్రోలు. ఈజిప్టు దిశగా ప్రయాణం. నౌకకు ఉండవలసిన లంగరు ఒకటి కనబడలేదు. సముద్రపు అడుగున మాత్రం దాదాపు 90 కిలోమీటర్ల పొడవున, నాగటి చాలు వలె, లంగరు ఈడ్చిన గుర్తు కనబడింది.

యుద్ధకాలపు ఆర్థిక ఆంక్షలూ, కేబుళ్ళ విధ్వంసమనే అనుమానమూ ఒకే నౌకలో కలిసిన ఉదంతమిది. అందుచేతనే దీనిని మన పాఠకుల ముందుంచుతున్నాము.

ఖండాంతర సమాచారంలో దాదాపు అంతా నేటికీ సముద్రపు అడుగునే సాగుతున్నది; ఉపగ్రహాల వాటా స్వల్పం. ఇంతటి భారం మోసే సమాచార కేబుల్, లోతు నీటిలో తోటకు నీరు పెట్టే రబ్బరు గొట్టమంత లావు మాత్రమే ఉంటుంది. తీరం దగ్గరపడిన కొద్దీ దానికి ఉక్కు తీగల కవచం చుట్టి, వీలైన చోట్ల మట్టిలో పూడ్చుతారు. అయినప్పటికీ ప్రపంచం మొత్తంమీద ఏటా 150 నుండి 200 వరకు లోపాలు తలెత్తుతుంటాయి. వాటిలో అధికభాగం చేపల వలలవల్లనూ, లంగర్లవల్లనూ కలిగేవే. దర్యాప్తు అధికారులకు చిక్కు వచ్చేది ఇక్కడనే. లంగరు జారిందా, జార్చారా అన్న ప్రశ్నకు కేబుల్ సమాధానం చెప్పదు.

శత్రువు కేబుళ్ళను తెంచడం పాత విద్యయే. 1914 ఆగస్టు 5 తెల్లవారుజామున, యుద్ధం ప్రకటించిన కొద్ది గంటలకే, ‘అలర్ట్’ అనే బ్రిటిషు నౌక ఇంగ్లీషు ఛానెలులో జర్మనీ కేబుళ్ళను పైకి లాగి కోసివేసింది. ఆపైన జర్మనీ తన వార్తలను వైర్‌లెస్ ద్వారానో, పరాయి దేశాల తంతి మార్గాల ద్వారానో పంపుకోవలసి వచ్చింది. బ్రిటిషువారు వాటిని పొంచి విన్నారు. ఆ ఏటనే సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను తగులబెట్టి, నగరవాసులను హడలెత్తించిన ‘ఎమ్డెన్’ అంతం కూడా కేబుళ్ళతో ముడిపడినదే. నవంబరు 9న కోకోస్ దీవులలోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి ఆ నౌక మనుషులను దింపింది. కేంద్రంలోని ఉద్యోగులు అంతకు ముందే ఆపద వార్త పంపివేశారు. ‘సిడ్నీ’ అనే ఆస్ట్రేలియా యుద్ధనౌక వచ్చి ఎమ్డెన్‌ను తుక్కు చేసింది. తమ కుర్చీలు వదలని ఆ తంతి ఉద్యోగులను తలచుకొన్నపుడు మాకు ముచ్చట వేస్తుంది.

ఇక ఆంక్షల సంగతి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. ఆ సంవత్సరం డిసెంబరు 5 నుండి ఐరోపా సమాఖ్య సముద్రమార్గాన వచ్చే రష్యా ముడిచమురును నిషేధించింది. జి-7 దేశాలతో కలిసి పీపాకు 60 డాలర్ల గరిష్ఠ ధరను కూడా నిర్ణయించింది. అంతకు మించి అమ్మిన చమురును మోయడానికి ఆ దేశాల నౌకలు గాని, బీమా గాని దొరకవన్నది నాటి నిబంధన. చమురు విపణికి రావాలి, రష్యా రాబడి మాత్రం తగ్గాలి అన్నది ఉద్దేశం. కిటుకంతా బీమాలోనే ఉన్నది.

రష్యా వేరు దారి వెతుక్కొన్నది. తుక్కుకు పోవలసిన వయసు వచ్చిన ట్యాంకర్లు చేతులు మారాయి. పేర్లు మారాయి, పతాకాలు మారాయి. అసలు యజమాని ఎవరో అంతుపట్టకుండా పోయింది. ‘నీడ నౌకాదళం’ అని వీటికి పేరు. ఈగిల్ ఎస్ కూడా ఆ కోవకు చెందినదేనని ఫిన్లాండు అధికారులు భావించారు. బాల్టిక్ సముద్రం లోతు తక్కువ, కేబుళ్ళు ఎక్కువ. అటువంటి చోట ముసలి నౌకల రాకపోకలు పెరగడం, మా దృష్టిలో, ఆంక్షలు విధించినవారు లెక్కలో వేసుకోని ఖర్చు.

మన శుద్ధి కర్మాగారాలు చౌకగా దొరికిన రష్యా చమురును కొన్నాయి. యుద్ధానికి పూర్వం మన ముడిచమురు దిగుమతులలో సుమారు 2 శాతంగా ఉన్న దాని వాటా 2023 నాటికి మూడవ వంతు దాటింది. దేశానికి విదేశీ మారకం కలిసివచ్చిన మాట నిజమే. అయితే ఈ కొనుగోళ్ళనే కారణంగా చూపి, 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన సరకులపై అదనంగా 25 శాతం సుంకం వేసి, మొత్తం 50 శాతానికి చేర్చింది. దెబ్బ తగిలినది ఎవరికి? మన రొయ్యలకు అమెరికా అతి పెద్ద విపణి. దేశంలో రొయ్యల ఉత్పత్తికి ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానం. మేత బాకీ, కరెంటు బిల్లు నెత్తిన పెట్టుకొని భీమవరం ప్రాంతపు చెరువు గట్టుమీద కౌంటు ధర కోసం ఎదురుచూసే రైతు, పీపా చమురు కూడా కొన్నవాడు కాడు.

ఈగిల్ ఎస్ వ్యవహారం హెల్సింకీ న్యాయస్థానానికి చేరింది. నౌకాధిపతిపైనా, మరి ఇద్దరు అధికారులపైనా అభియోగాలు మోపారు. వారిలో ఇద్దరు జార్జియా దేశస్థులు, ఒకరు భారతీయుడు. జరిగినది ప్రమాదమని వారు వాదించారు. కేబుల్ యజమానులకు కలిగిన నష్టం కనీసం 6 కోట్ల యూరోలని ప్రాసిక్యూషను లెక్క కట్టింది. 2025 అక్టోబరు 3న న్యాయస్థానం కేసును కొట్టివేసింది. కేబుళ్ళు తెగినది ఫిన్లాండు ప్రాదేశిక జలాలకు వెలుపల గనుక, విచారణాధికారం నౌక పతాకపు దేశానికో, అధికారుల స్వదేశాలకో చెందుతుందని తీర్పు. నేరమా, ప్రమాదమా అన్నది ఆ తీర్పులో తేలలేదు.

ఎస్ట్‌లింక్-2 అప్పటికే, అంటే 2025 జూన్ నెలలోనే, మరమ్మతు ముగించుకొని మరల విద్యుత్తును మోయసాగింది. దాని యజమానులైన ఫిన్‌గ్రిడ్, ఎలెరింగ్ సంస్థలు మన పవర్‌గ్రిడ్ వలె ప్రధానంగా ప్రభుత్వ యాజమాన్యంలోనివే. చలికాలపు సముద్రం నెమ్మదించే వరకు ఆగి, తెగిన భాగాన్ని పైకి తీసి, కొత్త ముక్కను అతికి, తిరిగి అడుగుకు దింపినవారు ఆ సంస్థలు నియమించిన సాంకేతిక సిబ్బంది.